మగ్గం గదిలో గాలి తాగిందెవరు?

నడివేసవి కత్తిరి ఎండలు మండే రోజుల్లో, నడిరాత్రి పూట, వేలూరు దగ్గర గుడియాత్తంలో మా నేతవీధిలోకి ఐదుగురు మనుషులు ఒడ్డున పడ్డ చేపల్లా నోళ్ళు తెరుచుకుని వచ్చి పడ్డారు. ఒకాయనకు నడుము దాకా బురద. ఒకామె చేతిలో చీపురు. ఒక ముసలామె నోట్లో పళ్ళసెట్టు లేదు. చదువుకున్న పిల్ల ఒకతి నవ్వు ఆపుకోలేక అరుగు పట్టుకుని వంగిపోయింది. ఐదో మనిషిని నేను. ఈ ఘనకార్యం చేసింది కూడా నేనే.

తప్పు నాదేనని మొదటే ఒప్పేసుకుంటున్నాను. ఒప్పుకుంది కదా, ఇక తల వంచుకుని కూర్చుంటుందిలే అనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసుకోవచ్చు. మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టడానికి ముప్పై ఏళ్ళు వంగిన తల ఇది. వంగింది చాలు.

నాకు రాయడం రాదు. అరవంలో సంతకం పెడతాను, అది కూడా మధ్యలో ఆగి, ఆకాశం వైపు చూసి, మళ్ళీ మొదలుపెడతాను. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. నా మాటను పుస్తకం మాటగా దిద్దుకోమన్నాను. ఎవరు ఎవరిని ఏమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే పెట్టమన్నాను. తిట్టుకు ఇస్త్రీ చేస్తే అందులో సుఖం ఉండదు.

మా ఆయన లుంగీలు నేసేవాడు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక పెద్ద గదిలో గుంటమగ్గం ఉండేది. నేలలో గుంట తవ్వి, ఆ గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని నేసే మగ్గం. ఆయన పోయాక మగ్గం విప్పి ఇచ్చేశాం. మగ్గాన్నయితే మోసుకుపోతారు, గుంటను ఎవరు మోసుకుపోతారు? అది అక్కడే ఉండిపోయింది. అందరూ పూడ్చేయమన్నారు. నాకు మనసు రాలేదు. అన్నేళ్ళు ఆ మనిషి కాళ్ళు ఆడిన చోటు అది. అలాగని గుంట అంచున కూర్చుని కళ్ళు తుడుచుకునే రకమూ కాదు నేను. కిటికీ కింద మంచం వేసుకుని, ఆ గదినే పడకగది చేసేసుకున్నాను. పెళ్ళయిన తర్వాత నాకంటూ ఒక గది ఉండటం అదే మొదలు.

గుంటలో ఏం పెట్టాలా అని ఆలోచిస్తుండగా నన్ను ముంచేవాడు వేలూరులో దొరికాడు.

కళ్ళద్దాలు చేయించుకోవడానికి వెళ్ళాను. అద్దాల కొట్టు బయట తోపుడుబండి మీద కుండీలు పెట్టుకుని ఒకడు నిలబడ్డాడు. ఆ కుండీల్లో ఒక మొక్క, పచ్చపాములు తోక మీద లేచి నిలబడి ఎవరి కోసమో చూస్తున్నట్టుంది.

"ఏం చెట్టప్పా ఇది? పూవు పూస్తాదా, కాయ కాస్తాదా?"

"పూవూ లేదు, కాయా లేదమ్మా. గాలి."

"గాలా?"

"అన్ని చెట్లూ పగులు ఆక్సిజన్ ఇచ్చి, రాత్రయితే దాన్నే మళ్ళా తాగేస్తాయి. ఇదొక్కటే రాత్రిపూట కూడా ఇస్తానే ఉంటాది. పడకటింట్లో పెట్టుకో. ఆస్పత్రిలో సిలిండరు పెట్టినట్టే."

"కరెంటు కావల్లా?"

"వద్దు."

"నీళ్ళు?"

"వారానికొక గలాసు పోస్తే జాస్తి."

"ఎరువు?"

"ఏమీ అడగదమ్మా. ఊరికే ఒక మూల నిలబడి పని చేస్తాది."

ఏమీ అడగకుండా ఒక మూల నిలబడి రాత్రింబవళ్ళు పని చేసేది లోకంలో కోడలొక్కతే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. రెండోది దొరికిందని రెండు కుండీలు కొన్నాను. ఒకటి చేతిలో, ఒకటి ఒళ్ళో పెట్టుకుని గుడియాత్తం బస్సెక్కాను. పల్లికొండ వచ్చేవరకూ ఆ మొక్క కొస పక్కన కూర్చున్న పెద్దాయన చెవిలో గుచ్చుతూనే ఉంది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు ఆయన చెవి రుద్దుకుంటూ.

"ఆక్సిజనప్పా. పీల్చుకో, నీకు ఊరికేనే."

ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర రాజులకు పట్టి ఉండదు. ఎందుకు పట్టదు? పక్కన మా ఆయన గురక లేదు. తెల్లవారుజామున మగ్గం చప్పుడు లేదు. తల దగ్గర కిటికీ బార్లా తెరిచి ఉంది. ఇన్ని కారణాలు కళ్ళెదుట ఉండగా, లేవగానే నేను చెట్టుకు దండం పెట్టాను. వరమిచ్చింది కిటికీ, కొబ్బరికాయ కొట్టింది కుండీకి!

అక్కడి నుంచి ఎవరూ నన్ను ఆపలేకపోయారు. వేలూరు వెళ్ళినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చాను. పిలకలు విరిచి పెయింటు డబ్బాల్లో, ఓటి బిందెల్లో, నూనె డబ్బాల్లో నాటాను. తోడుగా కలబంద, మనీప్లాంటు. ఏడాది తిరక్కముందే ముప్పై కుండీలు. గుంట నిండి, గట్టు మీదికి ఎక్కి, నా మంచం కాళ్ళ దాకా వచ్చాయి. మా వీధిలో ఎవరు దగ్గినా నేను ప్రత్యక్షం. "రాత్రికి ఒక కుండీ తీసుకునిపో, పొద్దున్నే తెచ్చియ్యి" అనేదాన్ని. వాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు. దగ్గు తగ్గితే నా చెట్టు వల్ల. తగ్గకపోతే వాళ్ళు కుండీని తిప్పి పెట్టారు.

ఇలా నా వైద్యం సాగుతుండగా మా ఆయన ఏడాది కార్యం వచ్చింది.

వేలూరు పక్కనున్న బాగాయం నుంచి నా మరిది చెంగల్రాయుడు వచ్చాడు. కార్యం చేయాల్సింది ఆయనే, మాకు పిల్లల్లేరు. వెంట ఆయన భార్య సరోజ, కూతురు ఉమ, మా అత్తగారి చెల్లెలు చిన్నత్త. ఉమ బడిలో సైన్సు చెబుతుంది. చిన్నత్త వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆమెకు తెలియని విషయం లేదు, తెలిసిన విషయం ఒక్కటీ నిజం కాదు.

సంచులు కింద పెట్టకుండానే మరిది అసలు సంగతి ఎత్తాడు.

"వదినా, రేపు కార్యం అయిపోతానే ఇంటికి తాళం యేసేద్దాం. మాతో బాగాయం వచ్చేయ్. ఒంటి ఆడదాన్ని యిడిసిపెట్టి ఎట్లా ఉండావని నలుగురూ నన్ను కదా అడిగేది?"

"ఆ నలుగురూ నన్నెందుకు అడగరు నాయనా? నాకు నోరు లేదనా?"

"నీకు నోరు లేదనేవాడు ఈ జిల్లాలోనే లేడు వదినా."

"అక్కా, హాల్లో టీవీ కింద నీకు జాగా పెట్టినాము" అంది సరోజ తేనె పూసిన గొంతుతో.

టీవీ కింద జాగా సంగతి నాకు తెలుసు. అంతకు ముందు ఒకసారి పది రోజులుందామని వెళితే రెండో రోజే పనిమనిషిని మానిపించింది మహాతల్లి. నాలుగింటికి పాలవాడికి తలుపు తీయాలి, అందరూ సీరియల్ చూడటం అయ్యేదాకా చాప పరవకూడదు. ఇక్కడ నా గది, నా మంచం, నా కిటికీ. నేను ఎప్పుడు పడుకున్నా, ఎప్పుడు లేచినా అడిగేవాళ్ళు లేరు. అది వదులుకోమంటే కళ్ళు పీకి ఇచ్చేయమన్నట్టు ఉంది నాకు.

రానని నేను అనబోతుండగా సరోజ మగ్గం గదిలోకి తొంగి చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యయ్యో! పడకటింట్లో ఇన్ని చెట్లా? రాత్రిపూట చెట్టు మన ఊపిరి తాగేస్తాదక్కా! చింతచెట్టు కింద పండుకుంటే ఏమవతాదో తెలీదా?"

"కనియంబాడిలో ఒకడు పండుకున్నాడు, తెల్లారి లేవలా" అంది చిన్నత్త.

"వాడు సారాయి తాగి పండుకున్నాడు, అందుకే లేవలా!" అన్నాను.

"సారాయి తాగినోడు పోయి పోయి చింతచెట్టు కిందే ఎందుకు పండుకున్నాడు మరి?"

ఈలోపు మరిదికి తీగ దొరికింది. ఇక డొంకంతా లాగాడు.

"చూసినావా వదినా! ఒంటిగా ఉండావు, చుట్టూ చెట్లు. ఒక పొద్దు మేమొచ్చి తలుపు పగలగొట్టల్లా. ఆ మాట నేను పడల్లా. ఇంక మాటల్లేవు, రేపు నువ్వు వస్తా ఉండావు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా ఇంటి మీద కన్నేసింది చాలక నా చెట్ల మీద హత్యానేరమా?

"సరే" అన్నాను. "ఈ రాత్రి అందరం ఇదే గదిలో పండుకుందాం. తెల్లారేదాకా ఉండినామంటే నేను నా ఇంట్లోనే ఉంటా, మళ్ళా ఎవురూ బాగాయం మాట ఎత్తకూడదు. ఊపిరాడలేదని ఒక్కరు లేసినా సరే, నేను మూట కట్టుకోని మీ ఎంబడి వస్తా."

"మాట తప్పకూడదు వదినా."

"తప్పేదానికి నేనేమన్నా మగోడినా?"

అదిగో, అక్కడ నోరు జారింది. అయినా ఫరవాలేదు, నా వైపు ముప్పై మంది ఉన్నారని ధైర్యం.

"కిటికీ తీసిపెట్టి పందెమంటే ఎట్లక్కా?" అంది సరోజ. "బయట గాలొస్తే చెట్టు ఇచ్చిందంటావు."

"మూయి! ఎవురొద్దన్నారు?"

మూసి ఊరుకున్నానా? ఊరుకుంటే ఈ కథెందుకు? సందుల్లో పాత లుంగీ ముక్కలు కుక్కాను. తలుపు కింద గోనెసంచి చుట్టి పెట్టాను. చీమ కూడా లోపలికి రావాలంటే నన్ను అడిగి రావాలి. బయట ఏ రోజులు? కత్తిరి ఎండలు. మా వేలూరు పక్క గోడలు రాత్రి పూట కూడా పెనంలా కాలుతుంటాయి.

ఉమ నా చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, వద్దు. కిటికీ ఉండనీ. చెట్టు ఇచ్చేదీ లేదు, తాగేదీ లేదు. నేను చెప్పేది..."

"నువ్వు ఊరుకో తల్లీ. పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు సైన్సు చెప్పాకు."

ఈ ఒక్క మాటకు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలి. కొట్టుకోను, వయసైపోయింది.

ఇంతవరకూ జరిగింది తెలివితక్కువతనం. ఇక అసలు తప్పు వస్తోంది, కాస్త దగ్గరికి రండి. ముక్కు మూసుకుని రండి.

చీకటి పడ్డాక వంటింట్లో నిలబడి ఆలోచించాను. రోజూ నా ఒక్కదానికి గాలి ఇచ్చే చెట్లు ఈ రాత్రి ఐదుగురికి ఇవ్వాలి. ఎక్కువ బరువు లాగే ఎద్దుకు ముందు మేత పెట్టాలా, వద్దా? ఎరువు వద్దన్నాడు బండివాడు. వద్దంటే మాత్రం? పెళ్ళికొచ్చిన చుట్టం మొదట వద్దనే అంటాడు, మనం వడ్డించాలి. పెరట్లో సొరపాదు కోసం బకెట్లో వేరుశనగ చెక్క నానుతోంది. నాలుగు రోజులుగా.

తెలియనివాళ్ళకు చెబుతాను. గానుగాడాక మిగిలే చెక్కను నీళ్ళలో నానేస్తే చెట్లకు అమృతం. మొదటి రోజు పశువుల కొట్టం వాసన. రెండో రోజు పశువు బయటికి వెళ్ళిపోతుంది. నాలుగో రోజు వాసనకు తెలుగులోనూ మాట లేదు, అరవంలోనూ మాట లేదు. అలాంటి నీళ్ళు ముప్పై కుండీలకు, కుండీకొక చెంబు చొప్పున, కడుపారా పోశాను. పొంగి గుంటలోకి కారేదాకా పోశాను. తర్వాత రెండు ఊదుబత్తులు వెలిగించి, గదిలో ఆరేడు చుట్లు తిప్పి, అందరినీ పిలిచాను. ఊదుబత్తి పొగలో అప్పటికి ఎవరికీ ఏమీ తెలియలేదు.

నేను మంచం మీద. కింద వరుసగా ఉమ, చిన్నత్త, సరోజ, చివర గుంట గట్టు పక్కన మరిది. దీపం ఆర్పాం. ఫ్యాను తిరుగుతోంది.

ఊదుబత్తి ఆరిపోయింది. చెక్కనీళ్ళు ఆరిపోలేదు.

కాసేపటికి చీకట్లో సరోజ గొంతు. "ఏమయ్యా, మీరేనా?"

"నేను కాదే. పొద్దున్నుంచీ మజ్జిగే కదా తాగినాను."

"మరి ఎవురు?... చిన్నత్తా?"

"నాకు అంత బలం యాడుండాది తల్లీ" అంది చిన్నత్త దిగులుగా.

నేను నోరు మూసుకున్నాను. ముక్కు కూడా మూసుకున్నాను. ఫ్యాను ఆ వాసనను గుడిలో ప్రసాదం పంచినట్టు ఎవరికీ అన్యాయం జరగకుండా పంచుతోంది. ఒళ్ళంతా చెమటలు. నిజం చెబుతున్నాను, నాకూ ఊపిరాడలేదు. కానీ లేస్తే ఇల్లు పోతుంది. చచ్చినా లేవకూడదనుకున్నాను. చస్తే ఎలాగూ లేవను, కాబట్టి ఆ మాట నిలబెట్టుకోవడం సులువే.

"వదినా" అన్నాడు మరిది. "నీకు ఊపిరాడతా ఉండాదా?"

"బెమ్మాండంగా. ఏలగిరి కొండెక్కి కూర్చున్నట్టుండాది."

"నాకు ఏదో చెట్టు గొంతు మీద కొమ్మ పెట్టి నొక్కతా ఉండాది."

"అది నీ పెళ్ళాం చెయ్యి నాయనా. పక్కకు తీసి పండుకో."

ఇంకాసేపు ఓర్చుకున్నాడు పాపం. ఉన్నట్టుండి "నా వల్ల కాదురా సామీ!" అని లేచాడు. దీపం లేదు. తలుపు ఎటో తెలియదు. ఒక్క అడుగు వేశాడు. ఆ అడుగు కింద నేల లేదు.

నోరు జారింది నాది, కాలు జారింది మరిదిది. మగ్గం గుంటలో కుండీల మధ్య, డబ్బాల మధ్య, చెక్కనీళ్ళ బురదలో నడుము దాకా తడిసేలా చతికిలబడ్డాడు. పైకి లేవబోతే చుట్టూ పాముల్లాంటి ఆకులు మెడకూ చెవులకూ తగులుతున్నాయి.

"పట్టుకునింది! నన్ను పట్టుకునింది!"

"ఏంది పట్టుకునింది?" సరోజ కేక.

"సన్నగా, సల్లగా... పాము మాదిరుండాది!"

అంతే. సరోజ చేతికి చీపురు ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. గుంటలోకి వంగి చీకట్లో బాదడం మొదలుపెట్టింది. సగం దెబ్బలు చెట్టుకు, సగం మరిదికి. ఎక్కడ పడిందో అరుపును బట్టి తెలుస్తోంది. చెట్టయితే అరవదు. చిన్నత్త గ్లాసులో పెట్టుకున్న పళ్ళసెట్టు ఎవరి కాలో తగిలి గుంటలోకి పోయింది. "పళ్ళు! నా పళ్ళు!" అని ఆమె ఏడుపు. "కొరికింది! పాము కొరికింది!" అని మరిది. పళ్ళ మీద కూర్చున్నాడు మరి. తలుపు తీద్దామంటే నేను కుక్కిన గోనెసంచి దాన్ని పట్టేసింది. ఉమ గోడకు కాలు తన్నిపెట్టి లాగితే తెరుచుకుంది. ఆ తర్వాత మేము ఐదుగురం వీధిలోకి ఎలా వచ్చి పడ్డామో మొదట్లోనే చెప్పాను.

వీధి వీధంతా లేచింది. ఎదురింటి వాళ్ళు టార్చి వేసి మా ముఖాల మీద ఒక్కొక్కరికీ కొట్టారు, కొట్టినదే పాపమన్నట్టు మళ్ళీ ఆర్పేశారు.

"ఏమైంది రుక్కమ్మా?" అన్నారు నా వైపు తిరిగి.

"ఏమవతాది! చెట్లు మా ఊపిరి తాగేసినాయి!" అంది సరోజ చీపురు ఊపుతూ.

మరిది గోచీ సర్దుకుని, బురద తుడుచుకుని, ఊరిపెద్దలాగా నా ముందు నిలబడ్డాడు.

"వదినా, పందెం ఓడిపోయినావు. పది మంది ముందర చెప్తా ఉండా. రేపు మూట కట్టుకో."

నా నోట మాట రాలేదు. పుట్టాక అదే మొదటిసారి, టీచరమ్మా, దాన్ని కొంచెం పెద్ద అక్షరాలతో రాయి. అన్న మాట అన్నానాయె. తెరిచిన తలుపులోంచి నా మంచం కాలు కనిపిస్తోంది. టీవీ కింద చాప కళ్ళ ముందు మెదిలింది. అరుగు మీద కూలబడ్డాను.

అప్పుడు ఉమ నవ్వు ఆపింది. ముక్కుకు కొంగు చుట్టుకుని లోపలికి వెళ్ళి, నేను కుక్కిన గుడ్డలన్నీ పీకి, కిటికీ రెక్కలు రెండూ తెరిచి, పెరటి తలుపు కూడా తీసి వచ్చింది. కాసేపు ఎవరినీ కదలనివ్వలేదు.

"నాయనా, ఇప్పుడు పోయి గదిలో నిలబడు. చెట్లు యాడికీ పోలేదు, అన్నీ ఆడే ఉండాయి."

మరిది గొణుక్కుంటూ వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి ముఖం చిన్నబోయి ఉంది.

"కంపుండాది" అన్నాడు. "ఊపిరి మాత్రం ఆడతా ఉండాది."

"మరి ఆ చెట్లు ఇందాక తాగి, ఇప్పుడు మానేసినాయా?" అంది ఉమ. "చెట్టు కూడా మన మాదిరే రాత్రీ పగులూ ఊపిరి పీలుస్తాది నాయనా, నిజమే. కానీ ఎంత? ఆ ముప్పై కుండీలూ కలిపి పీల్చేది ఈ అవ్వ ఒక్కతే పీల్చే దాంట్లో ఒక మూలకు రాదు. పెద్దమ్మా, నువ్వు కూడా ఇను. ఆ పాము చెట్టు రాత్రిపూట చెడ్డగాలి రవ్వంత లోపలికి తీసుకుంటాది. ఆక్సిజన్ ఇడిసేది తెల్లారి వెలుతురొచ్చినాకే. అది కూడా రవ్వంతే. సిలిండరూ కాదు, ఏమీ కాదు. ఈ ఎండల్లో తలుపూ కిటికీ బిగించి ఐదుగురం పండుకుంటే ఉక్కపోసి, గాలి చెడిపోయింది. చెడగొట్టింది మనమే. కంపు పెద్దమ్మ పోసిన చెక్కనీళ్ళది."

వీధంతా నా వైపు చూసింది. చూడనీ. ఆక్సిజన్ అని చెప్పి ఆ బండివాడు నాకు పచ్చరంగు అమ్మాడు. నేను దాన్ని వీధి వీధంతా ఊరికే పంచిపెట్టాను. సిగ్గుగా ఉందా అంటే ఉంది. అయితే ఆ సిగ్గు పూర్తిగా ఒంటబట్టేలోపే ఇంకో మాట బుర్రలో తళుక్కుమంది.

లేచి నిలబడ్డాను.

"ఉమా, మళ్ళా చెప్పు తల్లీ. గదిలో గాలి చెడగొట్టింది ఎవురు?"

"మనుషులు, పెద్దమ్మా."

"మనుషులు జాస్తి అయితే?"

"జాస్తి చెడతాది."

"ఒక్కరే పండుకోని, కిటికీ తీసిపెట్టుకుంటే?"

ఉమకు అప్పుడు అర్థమైంది. వాళ్ళ నాయన వైపు చూడకుండా పెదవి కొరుక్కుని చెప్పింది. "ఒక్కరికైతే ఆ గదిలో గాలి ధారాళం."

"బాగాయంలో మీ హాల్లో ఎంతమంది పండుకుంటారు?"

"ఏసీ ఆడే ఉండాది కదా, నలుగురం ఆడే."

"కిటికీలు?"

"ఏసీ ఏస్తే మూస్తాం పెద్దమ్మా."

నేను మరిది వైపు తిరిగాను. ఊరిపెద్ద వేషంలో నిలబడ్డాడన్నాను కదా, ఇప్పుడు ఆయన గడ్డం నుంచి చెక్కనీళ్ళు చుక్క చుక్కగా కారుతున్నాయి.

"విన్నావా చెంగల్రాయా? ముప్పై చెట్లతో ఇన్నాళ్ళూ పండుకున్నా, నాకు తుమ్ము కూడా రాలా. మీరు నలుగురొచ్చి ఒక్క రాత్రి పండుకుంటే గాలంతా సర్వనాశనం. నా ప్రాణం మీద నీకు నిజంగా దిగులుంటే నన్ను ఆ మూసిన హాల్లో ఐదోదానిగా తోస్తావా? నేను ఊపిరితో ఉండల్లంటే ఒక్కదాన్నే ఉండల్లంట. ఇది నా మాట కాదప్పా, నువ్వు కష్టపడి చదివించిన నీ కూతురి సైన్సు!"

వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో చెప్పను, ఆమె ఇప్పుడు ఇది రాస్తోంది.

"మరి పందెం?" అన్నాడు మరిది, గొంతులో బలం లేకుండా.

"పందెం చెట్ల మీద కాసినాం. చెట్లకు ఏ పాపమూ తెలీదని తేలిపోయింది. ఇంక పందెమేంది?"

"అమ్మా తల్లీ, నీతో మాట్లాడేదానికన్నా పోయి ఆ గుంటలోనే కూర్చుంటా."

"రావద్దులేక్కా" అంది సరోజ ముక్కు మూసుకుని. "ఈ వాసన మా ఇంటికి యాడ తెస్తావు. నువ్వు ఈడే సల్లగా ఉండు."

ఇంతకన్నా గొప్ప దీవెన నా పెళ్ళిలో కూడా ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు కార్యం. మరిది మూడుసార్లు తలకు పోసుకున్నాడు. అయినా పురోహితుడు మంత్రానికొక జానెడు చొప్పున వెనక్కి జరుగుతూ, చివరికి గోడకు ఆనుకుని చెప్పాడు. పిండం మిద్దె మీద పెట్టి కాకి కోసం ఎదురుచూడాలి కదా. పోయినవాళ్ళకు తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు. ఆ రోజు కాకులు ఒకటా, రెండా? గుంపులు గుంపులు. పిండం ముట్టాయి, ఆకు చింపాయి, అది చాలక మరిది ఒంటి మీది వేరుశనగ వాసన పట్టుకుని ఆయన వెంటబడ్డాయి. ఆయన తుండు తిప్పుకుంటూ మెట్లు దిగి పరుగెత్తాడు.

"మా ఆయనకు తీరని కోరిక ఏమీ లేదు" అన్నాను అందరూ వినేలా. "నేను ఈడే ఉంటానని తెలిసిపోయింది కదా."

సాయంత్రానికి వాళ్ళు బాగాయం వెళ్ళిపోయారు. చిన్నత్త పళ్ళు దొరికాయి. ఏడుసార్లు కడిగి ఇచ్చాను. ఇప్పటికీ వేరుశనగ చట్నీ తిన్నట్టే ఉంటుందట ఆమెకు, ఏం తిన్నా.

కాబట్టి బుద్ధి వచ్చినదాన్ని గనుక, అష్టదిక్కులూ మా వీధి కరెంటు స్తంభమూ సాక్షిగా, తలమీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చెక్కనీళ్ళను పడకగది గడప తొక్కనివ్వను. కిటికీ సందులో గుడ్డ కుక్కను. బండివాడి మాటా చింతచెట్టు కథా నమ్మను, ముందు ఉమను అడుగుతాను. కుండీలు మాత్రం గదిలోంచి కదలవు. గాలి ఇవ్వకపోతే పోనీ, నా కళ్ళకు పచ్చగా ఉన్నాయి, నాకు అది చాలు. మూసిన గదిలో నా పక్కన పడుకునే చుట్టాలకు మాత్రం ఇక ఈ ఇంట్లో చోటు లేదు. నా ఆరోగ్యం అలాంటిది. రాత్రికి ఉండిపోతామనేవాళ్ళకు వీధి అరుగు విశాలంగా ఉంది, గాలి బాగా వస్తుంది. చాప మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.